చిన్న పుస్తకం – పెద్ద నవల

పాఠం ఉద్దేశం

పెద్ద నవలలను కుదించి, బొమ్మలు చేర్చి పిల్లల కోసం ప్రచురించే పుస్తకాలు ఎలా తయారవుతాయో, వాటిని చదివేటప్పుడు ఏ విషయాలు గమనించాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

బడి గ్రంథాలయంలో అలమర తెరిచినప్పుడు మన చేయి ముందుగా ఏ పుస్తకం మీదికి పోతుంది? సన్నగా, పెద్ద అక్షరాలతో, అట్ట మీద రంగుల బొమ్మతో ఉన్న పుస్తకం మీదికే పోతుంది. పక్కనే ఉన్న ఐదారు వందల పేజీల నవలను చూసి, తరువాత చదువుదాంలే అనుకొంటాం. ఇందులో తప్పు లేదు. చదవడం నేర్చుకొనేవారందరూ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు.

మన ప్రాంతంలో ఈ చిన్న పుస్తకాలకు మరొక ప్రయోజనం కూడా ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, అప్పటి బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. ఆ మైసూరు రాష్ట్రానికే 1973లో కర్ణాటక అని పేరు పెట్టారు. తెలుగు మాట్లాడే కుటుంబాలు సరిహద్దుకు రెండు వైపులా ఉండిపోయాయి. బళ్లారి, సిరుగుప్ప ప్రాంతాలలో నేటికీ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడుకొంటారు. వీధిలోకి వస్తే కన్నడం వినిపిస్తుంది. దుకాణాల పేర్లు, బస్సుల మీది ఊళ్ల పేర్లు కన్నడంలో ఉంటాయి. రెండు భాషలూ రావడం మన అదృష్టమే. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. మాట్లాడే భాష ఇంట్లో పెద్దల వల్ల నిలుస్తుంది. చదివే భాష మాత్రం చదివితేనే నిలుస్తుంది. పాఠ్యపుస్తకం తప్ప వేరొక తెలుగు పుస్తకం ముట్టని విద్యార్థికి కొన్నేళ్లకు తన భాషలో ఒక పేజీ చదవడం కూడా బరువవుతుంది. అటువంటి విద్యార్థి ఒక్క సాయంత్రంలో పూర్తి చేయగల బొమ్మల పుస్తకం అతనికి గొప్ప ఆధారం. అందుచేత దానిని చులకన చేయకూడదు. దానితోనే సరిపెట్టుకోనూ కూడదు.

కథను కుదించి బొమ్మలతో చెప్పడం కొత్త పద్ధతి కాదు. హంపిలోని హజారరామ దేవాలయాన్ని మీలో చాలామంది చూసి ఉంటారు. 2021లో బళ్లారి జిల్లా నుండి వేరుపడిన విజయనగర జిల్లాలో ఇప్పుడు హంపి ఉంది. పదిహేనవ శతాబ్దంలో కట్టిన ఆ గుడి గోడల మీద రాముని కథను శిల్పులు వరుసలు వరుసలుగా చెక్కారు. గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ చూస్తే కథ ముందుకు సాగుతుంది. వాల్మీకి రామాయణంలో 24,000 శ్లోకాలు ఉన్నాయని ప్రసిద్ధి. అంత కథను గోడల మీద చెక్కడం సాధ్యమా? కాదు. కనుక శిల్పులు ముఖ్యమైన ఘట్టాలను ఏరుకొన్నారు, మిగిలినవి వదిలిపెట్టారు. కథ ముందే విన్నవారు ఆ ఖాళీలను మనసులో పూరించుకొంటారు. కథ తెలియనివారికి పక్కనున్న పెద్దలు చెప్పాలి. నేటి బొమ్మల పుస్తకంలో బొమ్మ కింద ఉండే నాలుగు మాటలు చేసే పని అదే.

బళ్లారి నాటకరంగం కూడా ఇటువంటి పనే చేసింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1887లో బళ్లారిలో ప్రదర్శించిన ‘చిత్రనళీయం’ నాటకానికి నలదమయంతుల కథ ఆధారం. భారతం అరణ్యపర్వంలోని ఆ కథను ఆయన ఒక రాత్రిలో ముగిసే నాటకంగా మలిచారు. చదువు రానివారు సైతం నలుని కష్టాలు చూసి కన్నీరు పెట్టుకోగలిగారంటే, ఆ పెద్ద కథను రంగస్థలానికి తగినట్లు కుదించినందువల్లనే.

నవలలు, నాటకాల విషయంలో ఈ పద్ధతి ఇంగ్లండులో 1807లో ప్రసిద్ధికెక్కింది. మేరీ లాంబ్, చార్లెస్ లాంబ్ అనే అక్కాతమ్ముళ్లు షేక్‌స్పియర్ నాటకాలు ఇరవైని పిల్లల కోసం చిన్న కథలుగా వ్రాశారు. 1941లో అమెరికాలో ఆల్బర్ట్ కాంటర్ అనే ప్రచురణకర్త ప్రసిద్ధ నవలలను పూర్తిగా బొమ్మల కథలుగా మార్చి అమ్మసాగాడు. మొదటి సంచిక ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా నవల ‘ముగ్గురు మస్కటీర్లు’. తరువాత ఆ వరుసకు ‘క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్’ అనే పేరు స్థిరపడింది. ఆ పుస్తకాల చివర ఒక సలహా అచ్చువేసేవారు. ఇది చదివారు కదా, ఇక బడిలోనో ఊరి గ్రంథాలయంలోనో అసలు పుస్తకం తీసుకొని చదివి ఇంకా ఆనందించండి అని దాని భావం. సంక్షిప్త గ్రంథం తన హద్దును తానే ఒప్పుకోవడం చూడండి.

మన దేశంలో ఈ మార్గంలో పేరు పొందినవారు అనంత్ పాయ్. ఆయన కర్ణాటకలోని కార్కళలో 1929లో జన్మించారు. 1967లో మొదలైన ‘అమర చిత్రకథ’ పుస్తకాలకు ఆయన సంపాదకులు. పురాణ కథలు, చరిత్ర కథలతోపాటు బంకించంద్ర ఛటర్జీ నవలలు ‘ఆనందమఠం’, ‘దేవీ చౌధురాణి’ కూడా ఆ వరుసలో బొమ్మల పుస్తకాలుగా వచ్చాయి.

తెలుగు పిల్లలకు ఈ రుచి చూపించినది ‘చందమామ’. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసు నుండి దీనిని తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించారు. 1949లో కన్నడ చందమామ కూడా వచ్చింది. బొమ్మలు అవే, మాటలు మాత్రం వేరు. రెండు భాషలు తెలిసిన ఇంట్లో రెండు సంచికలనూ పక్కపక్కన పెట్టుకొని చదువుకొనే వీలు ఉండేది. ఇప్పుడు ఆ పత్రిక వెలువడడం లేదు. ప్రసిద్ధ రచయిత కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980లో మరణించేవరకు చందమామలో పనిచేసి దానికొక చక్కని భాషను తీర్చిదిద్దారు. గ్రీకు మహాకవి హోమరు కావ్యాలు రెండూ అందులో ధారావాహికలుగా వచ్చాయి. ‘ఇలియడ్’ కథకు ‘భువనసుందరి’ అనీ, ‘ఒడిస్సీ’ కథకు ‘రూపధరుడి యాత్రలు’ అనీ పేర్లు పెట్టారు. గ్రీకు వీరుల పేర్లకు బదులు తెలుగు నోటికి తగిన పేర్లు వాడారు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన కథ పల్లెటూరి అరుగు మీద కూర్చున్న పిల్లవానికి తన ఇంటి కథలా అనిపించింది.

ఇక్కడ మూడు మాటలను వేరుచేసి తెలుసుకోవాలి. ఒక భాషలోని రచనను ఉన్నదున్నట్లు మరొక భాషలోకి తేవడం అనువాదం. పెద్ద రచనలోని ముఖ్యాంశాలు ఉంచి నిడివి తగ్గించడం సంక్షిప్తం. కథను తీసుకొని పేర్లు, స్థలాలు, చెప్పే తీరు మార్చుకొని మళ్లీ చెప్పడం అనుసరణ. ఒకే పుస్తకంలో ఈ మూడూ కలిసి ఉండవచ్చు. పుస్తకం లోపలి మొదటి పేజీలో అసలు రచయిత పేరు, అనువాదకుని పేరు, సంక్షిప్తమో కాదో సాధారణంగా అచ్చువేస్తారు. ఆ పేజీని చూడకుండా తిప్పవద్దు.

నవలను కుదించేవారు ఏమి చేస్తారు? ముందుగా వర్ణనలను తగ్గిస్తారు. అడవి ఎలా ఉందో, ఓడ ఎంత పెద్దదో బొమ్మ చూపిస్తుంది కనుక దానికి రెండు పేజీల మాటలు అక్కరలేదు. తరువాత ఉపకథలను తొలగిస్తారు. ఆపైన పాత్రలు తమలో తాము ఆలోచించుకొనే భాగాలను తీసివేస్తారు. ఎందుకంటే పరుగును, పోరాటాన్ని బొమ్మ గీయవచ్చు కాని, మనసులోని మథనాన్ని గీయడం కష్టం. చివరికి సంఘటనలు మిగులుతాయి. కథ వేగంగా నడుస్తుంది. కాని ఒక్కొక్కప్పుడు ఏ మాట చెప్పడానికి రచయిత నవల వ్రాశాడో ఆ మాటే జారిపోతుంది. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

జోనాథన్ స్విఫ్ట్ వ్రాసిన ‘గలివర్ యాత్రలు’ 1726లో వెలువడింది. అందులో గలివర్ చేసినవి నాలుగు ప్రయాణాలు. పిల్లల పుస్తకాలు చాలావరకు మొదటి రెండింటితో ఆగిపోతాయి. ఆరంగుళాల మనుషులు గలివర్‌ను తాళ్లతో కట్టివేసిన బొమ్మ అందరికీ గుర్తుంటుంది. రెండవ ప్రయాణంలో అతడు రాక్షసాకారం గల మనుషుల దేశం చేరుతాడు. ఆ రాజు మెప్పు కోసం తుపాకిమందు తయారుచేసే రహస్యం చెబుతానంటాడు. అది ఎంతమందిని ఒక్కసారిగా చంపగలదో విన్న రాజు భయపడి, అసహ్యించుకొని, ఆ మాట మళ్లీ ఎత్తవద్దని ఆజ్ఞాపిస్తాడు. ఇంత చిన్న ప్రాణికి ఇంత క్రూరమైన ఆలోచన ఎలా వచ్చిందని అతనికి ఆశ్చర్యం కలుగుతుంది. నిజంగా చిన్నవాడెవరు, పెద్దవాడెవరు అన్నదే స్విఫ్ట్ ప్రశ్న. ఈ ఘట్టం లేని పుస్తకంలో మనకు వింత మనుషులు మాత్రమే కనిపిస్తారు.

డేనియల్ డిఫో వ్రాసిన ‘రాబిన్సన్ క్రూసో’ 1719 నాటిది. ఓడ మునిగి, ఒంటరి ద్వీపంలో ఇరవై ఎనిమిది సంవత్సరాలు గడిపిన మనిషి కథ అది. అతడు గుహ తవ్వుకోవడం, గింజలు మొలకెత్తించడం, మేకలను మచ్చిక చేసుకోవడం సంక్షిప్త గ్రంథాలలోనూ ఉంటాయి. మరి ఆ ఓడ ఎక్కడికి పోతూ మునిగింది? బ్రెజిల్‌లో తోటల యజమానిగా స్థిరపడిన క్రూసో, ఆఫ్రికా తీరం నుండి బానిసలను తీసుకురావడానికి ఆ ఓడ ఎక్కాడు. అంతకు ముందు తానే కొంతకాలం బానిసగా ఉండి తప్పించుకొన్నవాడు! పిల్లల పుస్తకాలలో ఈ సంగతి తరచుగా ఉండదు. ఇది తీసివేస్తే క్రూసో కేవలం ధైర్యశాలి. ఉంచితే, ధైర్యశాలి అయిన మనిషి కూడా సాటి మనిషిని సరుకుగా చూడగలడని మనకు తెలుస్తుంది.

మార్క్ ట్వైన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ 1884లో ఇంగ్లండులోను, మరుసటి సంవత్సరం అమెరికాలోను ప్రచురితమైంది. నండూరి రామమోహనరావు దీనిని తెలుగులోకి తెచ్చారు. ‘టామ్ సాయర్’, ‘రాజు–పేద’, ‘కాంచనద్వీపం’ నవలలను కూడా ఆయన తెలుగు పాఠకులకు అందించారు. ఇంటి నుండి పారిపోయిన హక్ అనే బాలుడు, యజమానురాలి నుండి పారిపోయిన జిమ్ అనే బానిస తెప్ప మీద మిసిసిపీ నదిలో ప్రయాణం చేస్తారు. తెప్ప, నది, దొంగలు – ఇవన్నీ బొమ్మలకు చక్కగా లొంగుతాయి. కాని నవలకు ప్రాణం వంటి ఘట్టంలో పెద్ద సంఘటన ఏదీ జరగదు. హక్ ఒక ఉత్తరం వ్రాస్తాడు, దానిని చింపివేస్తాడు. అంతే. జిమ్ ఎక్కడ ఉన్నాడో అతని యజమానురాలికి తెలియజేసే ఉత్తరం అది. బానిసను దాచడం పాపమని చుట్టూ ఉన్న పెద్దలు హక్‌కు నేర్పారు. కాని నదిమీద జిమ్ తనను ఎంత ప్రేమగా చూసుకొన్నాడో అతనికి గుర్తుకొస్తుంది. పాపం తగిలినా సరే, స్నేహితుణ్ణి పట్టివ్వనని నిశ్చయించుకొంటాడు. కాగితం చింపుతున్న బాలుని బొమ్మ గీయవచ్చు. అతడు ఏ ఆలోచనల తరువాత దానిని చింపాడో మాటలలో చదివితేనే తెలుస్తుంది.

సంక్షిప్తమైన ప్రతి పుస్తకమూ బలహీనంగా ఉంటుందని దీని అర్థం కాదు. అమెరికన్ నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ 1976లో ‘రూట్స్’ అనే లావుపాటి నవల ప్రచురించాడు. ఆఫ్రికాలోని గాంబియాలో పుట్టి, బానిసల వ్యాపారుల చేతికి చిక్కి, ఓడలో అమెరికాకు చేరిన కుంటా కింటే అనే యువకునిదీ అతని సంతతివారిదీ ఆ కథ. సహవాసి దీనిని బాగా కుదించి ‘ఏడు తరాలు’ పేరుతో తెలుగు చేయగా, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. పుస్తకం చిన్నదైనా, సంకెళ్లతో ఓడ అడుగున పడి ఉన్న మనుషుల బాధను తగ్గించలేదు. ఎన్నో తెలుగు ఇళ్లకు ఆ కథ చేరింది. క్రూసో ఎక్కిన ఓడ అసలు ఏ పనికి బయలుదేరిందో, ఆ పని ఎంత ఘోరమైనదో తెలియాలంటే ఈ పుస్తకం చదవాలి. కుదించేవారు ఏది ఉంచాలో తెలిసినవారైతే చిన్న పుస్తకంలోనూ పెద్ద నవల నిలుస్తుంది.

కథతోపాటు భాష కూడా పోయే ప్రమాదం ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మొగలితుర్రు యువకుడు పార్వతీశం పడవ, రైలు, ఓడ ఎక్కి ఇంగ్లండు చేరిన కథ అది. దీనిని నాలుగు వాక్యాలలో చెప్పవచ్చు. కాని ఆ నాలుగు వాక్యాలకు ఎవరూ నవ్వరు. పార్వతీశం తన తెలివితక్కువ పనులను ఎంతో గంభీరంగా, తనకే అన్నీ తెలిసినట్లు చెప్పుకొంటాడు. గోదావరి జిల్లాల మాటతీరులో సాగే ఆ చెప్పడంలోనే హాస్యం ఉంది. మన సరిహద్దు ప్రాంతపు తెలుగు వేరు, ఆ తెలుగు వేరు. ఇంకొక సీమ తెలుగు ఎలా ఉంటుందో చెవికి వినిపించేది పూర్తి నవలే.

అయితే సంక్షిప్త నవలలను ఎలా చదవాలి? మొదట, ఆనందం కోసం ఒకసారి ఆపకుండా చదవండి. రెండవసారి బొమ్మలను నిదానంగా చూడండి. మాటల్లో లేనిది బొమ్మలో ఏముందో, బొమ్మలో లేనిది మాటల్లో ఏముందో గుర్తించండి. ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య ఎంత కాలం గడిచిందో ఆలోచించండి. క్రూసో కథలో ఒక్క గడి దాటేసరికి పది సంవత్సరాలు గడిచిపోవచ్చు. కథలో ఎక్కడైనా ఒక పాత్ర హఠాత్తుగా మనసు మార్చుకొంటే, అక్కడ ఏదో భాగం తీసివేసి ఉండవచ్చునని అనుమానించండి. ఆ అనుమానాన్ని నోటుపుస్తకంలో ప్రశ్నగా వ్రాసుకోండి. ఎప్పుడైనా పూర్తి నవల దొరికినప్పుడు మొదటి పేజీ నుండి చదవలేకపోయినా, ఆ ప్రశ్నకు జవాబున్న అధ్యాయాన్ని వెదికి చదవండి. ఒక అధ్యాయం చదివినవారు రెండవది చదవకుండా ఉండరు.

తెలుగు పుస్తకం దొరకకపోతే అదే కథ కన్నడంలో దొరికితే చదవండి. చదివిన కథను ఇంట్లో తల్లికో, తాతకో తెలుగులో చెప్పండి. వినేవారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయిన చోట, ఆ పుస్తకం వదిలివేసిన భాగం మీకు దొరుకుతుంది. ఆ భాగం కోసమే పెద్ద పుస్తకం తెరవాలి.

అర్థాలు

అలమర = బీరువా
చులకన = లెక్కచేయకపోవడం
ఘట్టం = కథలోని ముఖ్యమైన భాగం
ప్రదక్షిణం = కుడివైపుగా చుట్టూ తిరగడం
ధారావాహిక = సంచికల వారీగా వచ్చే రచన
నిడివి = పొడవు
మథనం = చిలకడం; ఇక్కడ, మనసులోని సంఘర్షణ
సంతతి = సంతానం, వంశంవారు

అభ్యాసం

అ) ఒక్క వాక్యంలో జవాబులు వ్రాయండి.
1. హజారరామ దేవాలయం గోడల మీద ఏ కథను చెక్కారు?
2. ‘చిత్రనళీయం’ నాటక రచయిత ఎవరు?
3. ‘రూపధరుడి యాత్రలు’ ఏ కావ్యానికి అనుసరణ?
4. ‘రూట్స్’ నవల తెలుగులో ఏ పేరుతో వచ్చింది?

ఆ) నాలుగైదు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. అనువాదం, సంక్షిప్తం, అనుసరణ – వీటి మధ్య భేదం తెలపండి.
2. క్రూసో ఓడ ప్రయాణం గురించిన సంగతి తొలగిస్తే కథకు కలిగే నష్టం ఏమిటి?
3. హక్ ఉత్తరాన్ని చింపివేసిన ఘట్టాన్ని బొమ్మలో పూర్తిగా చెప్పలేమని వ్యాసకర్త ఎందుకు అన్నారు?

ఇ) కింది వాక్యాలను సందర్భంతో వివరించండి.
1. “చదివే భాష మాత్రం చదివితేనే నిలుస్తుంది.”
2. “కాని ఆ నాలుగు వాక్యాలకు ఎవరూ నవ్వరు.”

ఈ) విడదీసి సంధి పేరు వ్రాయండి.
గ్రంథాలయం, మరొక, ఎప్పుడైనా

ఉ) విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి.
అక్కాతమ్ముళ్లు, నాలుగు ప్రయాణాలు, పెద్ద నవల

ఊ) చేసి చూడండి.
మీ ఇంట్లో పెద్దలు చెప్పిన ఒక కథను ఎనిమిది గడుల బొమ్మల కథగా తయారు చేయండి. ప్రతి గడి కింద రెండు వాక్యాలకు మించకుండా వ్రాయండి. కథలో మీరు వదిలివేసిన భాగాలు ఏవో, ఎందుకు వదిలారో చివరి పేజీలో వ్రాసి తరగతిలో చదివి వినిపించండి.